పసుపు దోసిట్లో పులుపు

లారీ మమ్మల్ని దింపిన చోటే రోడ్డు అయిపోయింది. ఎనభై ఏడు, అక్టోబర్. లడఖ్‌లో ఒక లోయ. పేరు రాయను. ఒకప్పుడు రాయకూడదన్నారు, ఆ అలవాటు ఇంకా పోలేదు. మొదటి రోజు నది వెంట నడిచి కింది ఊరు చేరాం. పదిహేను ఇళ్లు ఉంటాయేమో. సున్నం కొట్టిన మట్టి గోడలు, మిద్దెల మీద గడ్డి మోపులు. రెండో రోజు తెల్లవారగానే ఎక్కడం మొదలుపెడితే మధ్యాహ్నానికి పోస్టు. ఎత్తు పదిహేను వేల అడుగుల పైన. రెండు బంకర్లు, ఒక వంట గుడారం, ఒక రేడియో సెట్టు, చుట్టూ రాళ్లు పేర్చిన గోడ. చెట్టు లేదు. పొద లేదు. కాకి కూడా పని ఉంటేనే వచ్చేది.

పదకొండు మందిమి. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్, మధురై దిక్కు మనిషి. రేడియో ఆపరేటర్ మలయాళీ. వంటవాడు మన ఆర్మూర్ పక్క మోర్తాడ్ పిల్లగాడు. వాడొక్కడితోనే నా భాష. నేను నాయక్‌ని, భుజం మీద రెండు పట్టీలు. గొర్రెతోలు కోటు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, రైఫిల్, ఎనామిల్ మగ్గు సర్కారువి. గుడ్డలో కట్టిన పసుపు పొడి, అందులో ఒక పసుపు కొమ్ము నావి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆర్మూర్‌లో నన్ను ఆపే ప్రతి మనిషీ ఒక్కటే అడుగుతాడు. మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మధ్య నిలబెట్టి అడుగుతారు. పెళ్లి పందిట్లో అడుగుతారు. ఒకసారి చావు ఇంట్లో, శవం లేవకముందే చెవి దగ్గరికి వచ్చి అడిగాడొకడు. "కాకా, మిలిట్రీ రమ్ము ఉన్నదా, ఒక్క సీస?" సరిహద్దుల మీద వయసంతా కరిగించుకుని వచ్చినవాణ్ణి అడగడానికి మీకు దొరికింది అదొక్కటేనా? అక్కడ చలి ఎట్లా ఉంటుందని అడగరు. పక్కన ఉన్నవాళ్లలో ఎవరు తిరిగి రాలేదని అడగరు. నేను తాగనంటే నమ్మరు. "మిలిట్రీల ఉండి తాగకుంటవా, ఎవలకు చెప్తవే!" అని నవ్వుతారు. ఏడో తరగతితో బడి వదిలినవాణ్ణి. మిగిలిన చదువు పల్టన్‌లో పాత పత్రికల మీద నేర్చుకున్నాను. ఆ చదువుతోనే జవాబు రాస్తున్నాను. తాగాను. రమ్ము కాదు. అదేమిటో, ఎందుకో చదివి, అప్పటికీ అడగాలనిపిస్తే అడగండి.

ముందు మా బాపు సంగతి చెప్పాలి. ఆలూర్ దారిలో మాకు రెండెకరాల పసుపు చేను. బాపు ఈత కల్లు తాగేవాడు. పొద్దు గూకి ఇంటికొచ్చి నన్నెత్తుకుంటే మీసాల్లో పుల్లటి వాసన. ఆ వాసనంటే నాకు భయం లేదు, ఇష్టం. తర్వాత ఈతచెట్లు తగ్గాయి, కల్లు మాత్రం ఎక్కువైంది. చెట్టు లేని కల్లు ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. నీళ్లు, చక్కెర సారం, మత్తెక్కించే తెల్ల పొడి. మందు కల్లు. ఇంట్లో ఎవరికీ తెలియకుండానే బాపు దానికి పడిపోయాడు. ఒకసారి వరసగా కొన్నాళ్లు కల్లు దుకాణం మూతపడింది. బాపు చేతులు వణికాయి, గోడ మీద చీమలున్నాయని అరిచాడు, నాలుక కరుచుకున్నాడు. నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది.

నేను పల్టన్‌లో చేరడానికి పోయేరోజు అవ్వ పసుపు కొమ్ము నా అరచేతిలో పెట్టి గుప్పిట మూయించింది.

"ఒట్టు పెట్టు బిడ్డా. మీ బాపు తాగింది నువ్వు ముట్టద్దు."

"ముట్ట అవ్వా."

"గట్ల గాదు. పసుపు వట్టుకోని చెప్పు."

పట్టుకుని చెప్పాను. ఆ కొమ్మే నాతో లడఖ్ దాకా వచ్చింది. పల్టన్‌లో రమ్ము పంచే రోజు నా వంతు వంటవాడిది. వాడికి నామీద ప్రేమ ఊరికే పుట్టలేదు.

పోస్టులో యుద్ధం లేదు. చూడటమే పని. ఎదురు కొండ మీద కదలిక ఉందా అని దుర్భిణిలో చూడటం, లేదని రేడియోలో చెప్పడం. గాలి మధ్యాహ్నం మొదలైతే చీకటి పడేదాకా కొట్టేది. బంకర్‌లో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. నేను గోడ వెంట తిరిగేవాణ్ణి. ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు. "అన్నా, నాగలి గట్టియ్యాల్నా? మంచు దున్నుదువు," అనేవాడు వంటవాడు. చలికి అరచేతులు బీటలు వారాయి. పసుపు పొడి ఆవనూనెలో కలిపి రాసుకునేవాణ్ణి. చేతులు పచ్చగా మారాయి. కడిగినా పోలేదు. కడగడానికి నీళ్లూ లేవు, మంచు కరిగించుకోవాలి.

కింది ఊరి వాళ్లు మా కిరసనాయిలు, బియ్యం వాళ్ల గుర్రాల మీద ఎక్కించేవాళ్లు. డిసెంబర్‌లో వాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. ఊరి పెద్ద, ఇంకో ఇద్దరు పైకి వచ్చి ఒక కూజా ఇచ్చారు. బార్లీ గింజలు ఉడికించి, పులియబెట్టి తీసిన పానీయం. ఛంగ్ అంటారు. సుబేదార్ సాబ్ తీసుకున్నాడు. వాసన చూశాడు. బయటివాళ్లు తెచ్చినది పోస్టులో తినకూడదు, తాగకూడదని ఆర్డరు ఉంది. గోడ దగ్గరికి నడిచి, వాళ్లు చూస్తుండగానే మంచులో పోశాడు. ఖాళీ కూజా తిరిగి ఇచ్చి సెల్యూట్ కొట్టాడు.

ఆర్డరు ఆర్డరే. కాదనను. కానీ పారబొయ్యమని ఏ ఆర్డర్లోనూ లేదు. తీసుకుని, వాళ్లు దిగిపోయాక ఏం చేసుకున్నా ఎవరు చూడొచ్చారు? ఊరి పెద్ద కూజా కోటు మడతలో పెట్టుకుని దిగిపోయాడు. ఆ రోజు నుంచి గుర్రాలు రాలేదు. కిరసనాయిలు మేమే మోసుకున్నాం.

జనవరిలో ఆపరేటర్ పడ్డాడు. మొదట దగ్గు. మర్నాడు పొద్దున మాట్లాడుతుంటే గొంతులో గరగర. ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. పొయ్యి మీద గంజి ఉడికినట్టు ఉంది. పెదవులు నీలం. ఉమ్మితే గులాబీ రంగు నురుగు. ఎత్తు మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు. మందు ఒక్కటే, కిందికి దింపడం. ఆక్సిజన్ సిలిండర్ ఒకటే ఉంది. సెట్టు నేను పట్టుకున్నాను. మీటలు ఏవి తిప్పాలో ఆపరేటరే పడుకుని వేలితో చూపించాడు.

"హెలికాప్టర్ పంపండి. పేషెంట్ సీరియస్. ఓవర్."

"మబ్బు. హెలికాప్టర్ రాదు. కిందికి దింపండి. రోడ్డు దగ్గర అంబులెన్స్ పెడతాం. ఓవర్."

"దారి తెగింది. ఓవర్."

"దింపండి. అవుట్."

దారి నిజంగానే తెగింది. మంచు చరియ పడి వాగు దగ్గర కాలిబాటను మింగేసింది. ఇద్దరు మనుషులు నడుముకు తాడు కట్టుకుని దాటగలరు, స్ట్రెచర్ దాటదు. స్ట్రెచర్ దిగే మేకల దారి ఇంకొకటుందని విన్నాం. అది మంచు కింద ఎక్కడుందో ఊరి వాళ్లకే తెలుసు. మోయడానికీ వాళ్లే కావాలి, పోస్టు ఖాళీ చేయడానికి లేదు. సుబేదార్ సాబ్ నావైపు చూశాడు.

"వాళ్లు నా మాట వినరు," అన్నాడు. "నువ్వు పో. ఎట్లాగైనా తీసుకురా."

వంటవాణ్ణి వెంట తీసుకుని ఏడున్నరకు దిగాను. తొందరలో సంచులు తీసుకోలేదు. తాడు, రైఫిళ్లు, అంతే. మగ్గులు పోస్టులోనే ఉండిపోయాయి. ఇది గుర్తుంచుకోండి.

వాగు దగ్గర వంటవాడు తొడ దాకా మంచులో దిగబడ్డాడు. తాడు పట్టి లాగాను. "అన్నా, మా అవ్వకు నేనొక్కన్నే," అన్నాడు. "మా అవ్వకు నేనూ ఒక్కన్నే, లాగుతున్న గద, కాలు తీయ్," అన్నాను. ఊరు చేరేసరికి పది దాటింది.

ఊరి పెద్ద ఇంట్లో తలుపు తక్కువ ఎత్తు, నడుం వంచి పోవాలి. లోపల ఇనప పొయ్యి, పిడకల పొగ, గోడకు వరసగా ఇత్తడి గిన్నెలు. ఆయన కూర్చోమని చేయి చూపాడు. కూర్చున్నాం. విషయం హిందీలో చెప్పాను. మనిషి చచ్చిపోతున్నాడు, ఎనిమిది మంది కావాలి, మేకల దారి చూపాలి. ఆయన విన్నాడు. పొయ్యిలో పిడక వేశాడు. నాకు లేచి గోడ వెంట తిరగాలనిపించింది. పైన విన్న ఆ గరగర చెవుల్లోనే ఉంది.

అప్పుడు ఆయన భార్య లోపలి గదిలోంచి వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతిలో రాగి కూజా, దాని అంచున శుభానికని ఒక చిటికెడు వెన్న. నా ముందు నిలబడింది. ఛంగ్.

నేను రెండు చేతులూ జోడించాను. వద్దన్నాను. ఆమె నవ్వింది. "దొన్లే," అంది. మళ్లీ వద్దన్నాను. ఆమె ముఖం ఇంకా వికసించింది. "దొన్లే, దొన్లే." నేను ఎంత గట్టిగా వద్దంటే ఆమె అంత సంతోషంగా ముందుకు వంగుతోంది. నాకేం తెలుసు? ఆ దేశంలో అతిథి మొదట వద్దనాలి. అదే మర్యాద. నా ఒట్టు ఆమెకు మర్యాదలా కనిపిస్తోంది.

వంటవాడు నా చెవిలో అన్నాడు. "అన్నా, గా అవ్వ ఏమంటుందో సమజయిందా? దొన్నె లే అంటుంది. దొన్నె లేదట పొయ్యనీకి."

నాకూ అట్లాగే వినబడింది. మన దిక్కు కల్లు తాగడానికి మోదుగాకు మడిస్తే దొన్నె. లే అంటే లేదు. ఆమె చేతిలో కూజా ఉంది, మా ముందు గిన్నె లేదు. గోడ మీద ఇన్ని గిన్నెలుండగా ఒక్కటీ ఇవ్వడం లేదు. మాట సరిగ్గా సరిపోయింది.

"మోదుగాకు యాడికెల్లి తెస్తది గీ మంచుల," అన్నాను.

"నువ్వు తాగకుంటే నాకన్న పొయ్యమను. నేను తాగినా ఒక్కటే గద."

అని వాడు తన టోపీ తీసి ముందుకు పట్టాడు. ఊరి పెద్ద అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. విరిగిన హిందీ.

"అతను రొట్టెలు చేసేవాడు. పట్టీలు నీ భుజం మీద ఉన్నాయి. నీ సాబ్ మా ఛంగ్ మంచులో పోశాడు. నువ్వు ఎక్కడ పోస్తావు?"

ఇక దాచడానికేమీ లేదు. ఈయన మనుషుల్ని ఇవ్వనని అనలేదు. ఇచ్చింది మంచులో పోసినవాడి తరఫు మనిషితో మాట ఎట్లా మొదలుపెట్టాలని అడుగుతున్నాడు. ఒకవైపు అవ్వ. ఒకవైపు ఆపరేటర్ ఛాతీ. తూచడానికి సమయం లేదు.

చేతి తొడుగులు తీశాను. మోకాళ్ల మీద లేచి రెండు అరచేతులు కలిపి దోసిలి పట్టాను. చెలమ దగ్గర నీళ్లు తాగేటప్పుడు పట్టినట్టు. దొన్నె లేకపోతే చేతులున్నాయి కదా. అరచేతులు పసుపుతో పచ్చగా ఉన్నాయి. ఏ పసుపు మీద ఒట్టు పెట్టానో ఆ పసుపే.

ముసలామె ఆగిపోయింది. నా చేతులు చూసింది. భర్తను చూసింది. తర్వాత పోసింది.

బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంది. పచ్చటి చేతుల్లో తెల్లగా నిలిచింది. బీటల్లోకి దిగి భగ్గున మండింది. వంగి తాగాను. మొదట పులుపు. నాలుక అంచులు గుంజుకుపోయాయి, దవడల దగ్గర నీరూరింది. రెండు రోజులు నిలవ ఉన్న జొన్న అంబలి లాంటి పులుపు, అంతకంటే చురుకు. వెనక నుంచి పసుపు చేదు. దాని వెనక ఆవనూనె ఘాటు. తర్వాత ముక్కులోకి ఒక వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. పొద్దు గూకే వేళ, పసుపు చేను నుంచి వచ్చిన మనిషి మీసాలు. దుకాణం కల్లుకు పడకముందు మా బాపు. కళ్లలో నీళ్లొచ్చాయి. పొగ అనుకున్నారేమో.

ఊరి పెద్ద నవ్వుతున్నాడు. పగలబడి. భార్యతో ఏదో అన్నాడు, ఆమె కొంగులాంటి గుడ్డతో నోరు మూసుకుంది. ఆయన తన కోటు మడతలోంచి వెండి అంచున్న కొయ్య గిన్నె తీశాడు. తుడిచాడు. నా చేతిలో పెట్టాడు.

"ఇక్కడ ఎవరి గిన్నె వాళ్లే తెచ్చుకోవాలి," అన్నాడు. "గిన్నె లేకుండా వచ్చినవాళ్లను చూశాను. చేతులు పట్టినవాణ్ణి చూడలేదు."

"ఆమె గిన్నె లేదన్నది కదా," అన్నాను.

"ఆమె తాగండి అన్నది. దొన్లే అంటే దయచేసి పుచ్చుకోండి అని."

వంటవాడు తలకొట్టుకున్నాడు. "నీ తల్లి! నేను టోపీ వట్టినన్న గద!" అన్నాడు. వాడి టోపీ ఇంకా ముందుకే ఉంది. ముసలామె అందులోనూ పోయబోయింది, నేనే ఆపాను.

ఆ గిన్నెతో ఇంకోసారి తాగాను. ఆయన లేచి తలుపు బయట నిలబడి కేకేశాడు. పదిమంది వచ్చారు. అడిగింది ఎనిమిది మందినే.

మేకల దారి మా బంకర్ల వెనక నుంచే ఉందట. మూడు నెలలు దాని మీదే నిలబడి దుర్భిణిలో ఎదురు కొండ చూశాం. సుబేదార్ సాబ్ గోడ దగ్గర నిలబడి వాళ్లు రావడం చూశాడు. ఆపరేటర్‌ను గొర్రెతోలులో చుట్టి స్ట్రెచర్‌కు కట్టారు. పొద్దు వాలేలోపు ఊరు. రాత్రికి ఊపిరి కొంచెం తేరింది. మర్నాడు గడ్డకట్టిన నది మీద రోడ్డు దాకా వాళ్లే తీసుకెళ్లారు. నేనూ వంటవాడూ తిరిగి పైకి ఎక్కాం. వాగు దాటాక వాడు ఆగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, నీకు ఎక్కింది. ఆపరేటర్ దిగిండు."

"నోర్ముయ్, నడువు."

"నీ ఒట్టు సంగతేందే మరి?"

నేను ముందుకు నడిచాను. నా లోపలా అదే ప్రశ్న. సుబేదార్ సాబ్ "తాగావా?" అని అడిగితే "తాగాను సాబ్" అన్నాను. తల ఊపాడు. ఆయన దగ్గర అంతటితో అయిపోయింది. నా దగ్గర కాలేదు. తొమ్మిది రోజులు ఆపరేటర్ కబురు లేదు. రెండు ఫికర్లు పెట్టుకుని గోడ వెంట తిరిగాను. పోతే ఒట్టూ పోయి మనిషీ పోయినట్టు. బతికితే ఒట్టు పోయినట్టు. ఎటు తిప్పినా అవ్వ ముఖం ముందు నిలబడాల్సిందే. పదో రోజు సెట్టు గరగరలాడి ఒక గొంతు వచ్చింది. సన్నగా, ఆగి ఆగి.

"మీ సిగ్నల్ చెత్తగా ఉంది. పైన మీటలు ఎవరు తిప్పుతున్నారు? ఓవర్."

ఆపరేటరే. దవాఖానలో మంచం దిగి సెట్టు దగ్గరికి వచ్చాడట. నేను జవాబివ్వడానికి మీట నొక్కాను. వంటవాడు మైకు లాక్కుని తెలుగులోనే తిట్టాడు, సంతోషంతో.

జూన్‌లో వేరే పల్టన్ వచ్చింది. మేం దిగాం. కింది ఊరి దగ్గర సుబేదార్ సాబ్ వరస ఆపాడు. ఊరి పెద్ద ఇంటి ముందు నిలబడి, సంచి విప్పి, ఎనామిల్ మగ్గు తీశాడు. రెండు చేతులతో ముందుకు పట్టుకున్నాడు. ముసలామె కూజాతో వచ్చింది. ఆయన ఒక్క గుక్క తాగి, ముఖం వికారంగా పెట్టి, మిగతాదీ తాగాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

రైలు, బస్సు, మళ్లీ బస్సు. ఆర్మూర్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మొదటి వాన పడింది. చేలల్లో పసుపు విత్తనం నాటుతున్నారు. అవ్వ గట్టు మీద కూర్చుని కొమ్ములు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను. అన్నం తినకముందే చెప్పేశాను. పోస్టు, ఆపరేటర్, ముసలామె, దోసిలి, అంతా. అవ్వ ఏరుతూనే విన్నది.

"పుల్లగుండెనా, తియ్యగుండెనా?" అంది.

"పుల్లగుండె. నోట్ల పండ్లు పులిసినయ్ అవ్వా."

"ఈగలు వాలినయా?"

"గంత సలికి ఈగలు యాడియి?"

అవ్వ చేతిలో కొమ్ము విరిచింది. లోపల ఎంత పచ్చగా ఉందో చూసి గంపలో వేసింది.

"మీ బాపు సచ్చినంక దినాలకు తెచ్చిన కల్లు కుండల మిగిలింది. నేను పారబొయ్యలే. వారం సూసిన. పులవలే. ఈగ వాలలే. సీమ వట్టలే. గట్లనే తియ్యగ ఉన్నది." కాసేపు ఏరింది. "నేనేమన్న నీతోని? మీ బాపు తాగింది ముట్టద్దన్న. గా ముసలామె పోసింది పులిసింది గద. పాణమున్నది పులుస్తది. నువ్వు ముట్టింది గది గాదు."

"మరి ఒట్టు?"

"ఒట్టు ఒట్టే ఉన్నది. లే, కాళ్లు గడుక్కో, బువ్వ తిందువు."

ఆ ఒట్టు ఇప్పటికీ ఉంది. అవ్వ పోయింది. మన దిక్కు కల్లు ఇంకా పులవడం లేదు. దాని గురించి అడగండి నన్ను. రమ్ము గురించి కాదు.

ఇప్పటికీ యార్డులో పసుపు కుప్పలో చెయ్యి పెట్టి తీస్తే అరచేయి పచ్చగా వస్తుంది. రెండో చెయ్యి దానంతటదే పక్కకు వచ్చి చేరుతుంది. వేళ్లు దగ్గరవుతాయి, మధ్యలో పల్లం ఏర్పడుతుంది. చుట్టూ వేలం పాటలు, హమాలీల అరుపులు. నేను దోసిలి పట్టుకుని నిలబడి ఉంటాను, ఎవరో వంగి తెల్లగా పోస్తారన్నట్టు.